గడియ వేసిన తలుపు

రేపల్లె స్టేషనులో దిగేసరికి ఉదయం పది దాటింది. ఉప్పెన వచ్చి నాలుగు రోజులు. ఎండ తీవ్రంగా ఉంది. సముద్రం వైపు నుంచి గాలి తిరిగినప్పుడల్లా ముక్కుకి గుడ్డ కట్టుకోవలసి వచ్చేది. మా ఆర్మీ కంపెనీలో సగం బాపట్ల వైపు వెళ్ళింది. మా పదిమందికి తీరాన ఒక పల్లె అప్పగించారు. మనిషికొక పార, తాళ్ళు, బ్లీచింగ్ పౌడరు బస్తాలు, ఒక వైర్‌లెస్ సెట్టు. అప్పుడు నేను నాయక్‌ని. సుబేదారు ఆర్డరు క్లుప్తంగా ఇచ్చాడు: "బతికినవాళ్ళకి నీళ్ళు. పోయినవాళ్ళకి గొయ్యి. ఆరింటికి రిపోర్టు."

మాది తెనాలి. అమ్మ ప్రతి ఉత్తరం చివరా "మెలకువగా ఉండి ప్రార్థన చేసుకో నాయనా" అని రాయించేది. నేను అంతదాకా చదివేవాణ్ణి కాదు.

మోకాటి లోతు బురదలో నాలుగు గంటలు నడిచాం. పల్లె లేదు. డాబా చర్చి ఒక్కటే నిలబడి ఉంది. లోపల ఆడవాళ్ళు, పిల్లలు. మా వైర్‌లెస్ మనిషి చీరాల నేతగాళ్ళ కుటుంబం వాడు. సెట్టు దించి పిలిచాడు: "కంట్రోల్, పార్టీ రెండు. బతికున్నారు. తాగునీళ్ళు పంపండి."

చర్చి బయట, తలుపుకి ఆనుకుని శవాలున్నాయి. పక్కన, ఆ చర్చిలో వాక్యం చెప్పే అరవై ఏళ్ళ ఉపదేశి కూర్చున్నాడు.

"ఉప్పెన రోజు పొద్దున్నుంచీ గంట కొట్టానండి," అన్నాడు. "ఏ గడియలో ఏం వస్తుందో తెలియదు, సిద్ధంగా ఉండండని ముప్పై ఏళ్ళుగా చెప్తున్నా. కొందరొచ్చారు. కొందరు నవ్వారు. నీళ్ళు లేచేసరికి పిల్లలింకా లోపల డాబా మీదికెక్కే మెట్ల మీదే ఉన్నారు. గడియ వేశాను. అప్పుడు బయటినుంచి బాదారండి."

"తీస్తే లోపలివాళ్ళు పోయేవాళ్ళు కదండీ," అన్నాను.

"అవునండి. కానీ ఆ కేకల్లో మా తమ్ముడి గొంతుంది."



మోయడానికి స్ట్రెచర్లు లేవు. ఆయనే లేచాడు. "ఆ తలుపులు ఊడదియ్యండి బాబూ. వాటి మీద మొయ్యండి."

రెండు రెక్కలూ బందుల నుంచి ఊడదీశాం. మొదట ఆయన తమ్ముణ్ణి మోశాం. ముందువైపు ఆయనే పట్టుకున్నాడు. వద్దన్నా వినలేదు. గొయ్యి దగ్గర నన్నడిగాడు:

"మీరు క్రైస్తవులేనా?"

"అవునండి." ఆ మాట పైకి అని ఎన్నేళ్ళయిందో.

"అయితే ప్రార్థన మీరు చెయ్యండి. నాకు నోరు పెగలట్లేదు."

పరలోక ప్రార్థన సగం దాకానే గుర్తొచ్చింది. అక్కడే ఆగిపోయాను. వెనక పారలు కూడా ఆగాయి. వైర్‌లెస్ మనిషి టోపీ తీసి, తలవంచుకుని నిలబడి ఉన్నాడు. నాకు సిగ్గేసింది. తుపాకీ శుభ్రం చెయ్యని రోజు లేదు నాకు. ఇది మాత్రం తుప్పు పట్టిపోయింది.

మరుసటి ఆదివారం ఆరాధనలో ఉపదేశి ఒక్కటే మాట చెప్పాడు: "మెలకువగా ఉండడమంటే మనం లోపలుండడం అనుకున్నాను. బయట ఎవరున్నారో చూసుకోవడం అని ఇప్పుడు తెలిసింది." ఎవరూ ఏడవలేదు. ఏడవడానికి ఓపిక లేదు.

మూడు వారాల తర్వాత ఒకరోజు సెలవిచ్చారు. తెనాలిలో అమ్మ అన్నం పెట్టి పక్కన కూర్చుంది. తినే ముందు ప్రార్థన పూర్తిగా చేశాను. మర్చిపోయిన సగం అమ్మ అందించింది.

తర్వాత చాలా చోట్ల పనిచేశాను. చాలా చూశాను. కళ్ళముందు నుంచి పోనిది ఒకటే. ఆ పల్లె విడిచి మేం బయల్దేరిన పొద్దున, తలుపుల్లేని ఆ గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చున్న ఉపదేశి. ఎదురుగా బురద దారి. దాని మీద ఎవరూ రావడం లేదు. ఆయన చూస్తూనే ఉన్నాడు.