మామ్మగారి గంపలతో బాస్కెట్‌బాల్

ఈ రోజు రాజోలులో మా బడి ఆడపిల్లల చేత బాస్కెట్‌బాల్ మొదలుపెట్టించాను. ఇనప రింగులు ఇంకా రాలేదు. అమెరికాలో ఈ ఆట పుట్టినప్పుడు పళ్ల బుట్టలే కట్టారని, బంతి పడ్డప్పుడల్లా నిచ్చెనెక్కి తీసేవారని పిల్లలకు చెప్పాను. వెంటనే తొమ్మిదో తరగతి శిరీష ఇంటికి పరుగెత్తి రెండు వెదురు గంపలు తెచ్చింది. వాటిని ఎదురెదురు కొబ్బరి చెట్లకు కట్టి, బంతి కిందికి జారిపడేలా అడుగులు కోయబోతుంటే, వాళ్ల మామ్మగారు ఊడిపడ్డారు.

"గంపలు కోసేస్తే ధాన్యం దేంట్లో మొయ్యాలండీ? ఆడుకోండి గానీ కత్తి పెట్టకండి."

సరేనని అలాగే ఆడించాను. గంపలకు కాపలాగా ఆవిడ అక్కడే కూర్చున్నారు. శిరీష గురి చూసి బంతి వేసింది. దాన్ని కర్రతో దించేలోపు అవతలి జట్టు తీరిగ్గా మంచినీళ్లు తాగొచ్చింది. రెండోసారీ అంతే. మామ్మగారు ఇక ఆగలేక లేచొచ్చారు.

"కోసెయ్యండి మాస్టారూ! మా పిల్ల ఊపంతా చల్లారిపోతోందండీ."

"రెండూ కోసెయ్యనా అండీ?"

"అయ్యో, రెండూ ఎందుకండీ? మా పిల్ల వేసేదొక్కటే కొయ్యండి. వాళ్లది అలా ఉంచెయ్యండి!"

రెండూ కోశాను. ఆవిడ అలిగి వెళ్లిపోయారు. ఆటలు న్యాయం నేర్పుతాయని పిల్లలకైతే చెప్పగలను. మామ్మగారికెలా చెప్పాలో మీలో ఎవరికైనా తెలుసా?