అడవిలో టిష్యూ ప్యాకెట్

సింగపూర్ బుకిట్ బటోక్‌లో మా పై ఫ్లాట్ అంకుల్‌ని తలుచుకుంటే ముందు ఆయన టిష్యూ ప్యాకెట్టే గుర్తొస్తుంది. తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో ఖాళీ బల్ల మీద అది పెట్టి "చోప్!" అనేవారు. ఇక ఆ చోటు ఆయనదే; మా ఊళ్ళో అందరూ పాటించే రివాజది.

ఓసారి మలేషియా కొండల్లో, అడవి రోడ్డు వెంట గుడారానికి చోటు వెతుకుతున్నాం. వాగు పక్కన చదునైన నేల కనబడగానే అంకుల్ కారు దిగి, నట్టనడుమ ప్యాకెట్ పెట్టొచ్చారు.

"చోప్ చేసేశా. పద, పైన ఇంకా మంచిది ఉంటది లా!" అన్నారు సింగపూర్ యాసలో.

"అడవిలో దీన్నెవరు లెక్కచేస్తారంకుల్?"

పైన ఏమీ దొరకలేదు. వాన మబ్బులు కమ్ముతుంటే ఆదరాబాదరాగా వెనక్కొచ్చాం. అప్పటికే అక్కడో గుడారం! కారు దిగి పరుగెత్తాం. తీరా చూస్తే, వాళ్లు చదును నేల మాకే వదిలేసి, పక్కన రాళ్లలో సర్దుకున్నారు. మా ప్యాకెట్ ఎగిరిపోకుండా దానిమీద గులకరాయి కూడా పెట్టారు.

అంకుల్ చిన్నపిల్లాడిలా గంతేశారు.

"మనూరోళ్ళేరా!"