పాత చర్చిలో మా అత్తయ్య పాట

ఒకప్పుడది కాథలిక్ చర్చి. తర్వాత బళేపేట వ్యాపారుల బట్టల గోడౌన్ అయింది, ఇప్పుడు ఫంక్షన్ హాలు. ఈ సాయంత్రం మా వీధి తెలుగువాళ్ల పాటల కార్యక్రమం అక్కడే జరిగింది. చిన్నప్పుడు ఆ చర్చిలోనే ఆదివారం పూజకు పాడిన మా అత్తయ్యకు, "మీ గొంతు వెనకదాకా వినపడదు" అని నిర్వాహకుడు అవకాశం ఇవ్వలేదు.

సగంలో కరెంటు పోయి మైకు మూగబోయింది. అత్తయ్య అప్పటి ముసుగులాగే కొంగు తలమీద కప్పుకుని లేచింది.

"మైకు లేదమ్మా!" అన్నాడాయన.

"మైకెందుకప్పా? గోడలుండాయి కదా!"

వేదిక పక్కన, అప్పట్లో పాటలవాళ్లు నిలబడే చెక్క మేడ ఎక్కి పాడింది. చివరి వరుసలో ఉన్న నాకు ప్రతి మాటా వినపడింది. ఇంతలో కరెంటు వచ్చింది. ఆయన మైకుతో అత్తయ్య దగ్గరికి పరుగెత్తబోతే జనమే ఆపేశారు.

ఆ గోడలు కట్టిన మేస్త్రీ ఎవరో గానీ, ఆయనకూ మా అత్తయ్యకూ కలిపి ఒక లైకు కొట్టండి!