మస్తాన్ గారి ట్రయల్

స్నేహితుడి పెళ్లికని ఆదిలాబాద్ నుంచి ఉయ్యూరు బయల్దేరాను. పెళ్లి దండలు బెజవాడలో కొని తెచ్చే పని నాదే. కంకిపాడు దాటగానే కారు గోతిలో పడి, ముందు యాక్సిల్ విరిగింది, ఒక షాకబ్జర్ పోయింది. ముహూర్తానికి ఇంకా మూడు గంటలే ఉన్నాయి.

రోడ్డు పక్కన షెడ్డున్న మెకానిక్ మస్తాన్ గారు బెజవాడ ఆటోనగర్ నుంచి సామాన్లు తెప్పించారు. తొందరకొద్దీ నేనూ కారు కింద దూరి టార్చి పట్టాను. పని అయ్యాక ఆయన చేతులు కడుక్కుని, కస్టమర్ సీటుకి మరక అంటకూడదని తెల్లచొక్కా వేసుకున్నారు.

"ఖాళీ బండిలో చప్పుడు తెలీదండీ, బరువు పడాలి," అంటూ టీకొట్టు వైపు తిరిగి "ట్రయల్!" అని కేకేశారు. ముగ్గురు పెద్దమనుషులు గ్లాసులు దింపి, రోజూ చేసే పనే అన్నట్టు, పంచెలు సర్దుకుని వెనక సీట్లో కూర్చున్నారు.

నేను నడుపుతుంటే, గుంత వచ్చినప్పుడల్లా అందరూ మాటలాపి చెవులు రిక్కించారు. చప్పుడు రాకపోతే "భేష్!" అని అరిచారు. మూడో గుంతకి నేనూ అరిచాను.

"టైము లేదుగా, ట్రయల్ పెళ్లి దాకా చేసేద్దాం లెండి," అన్నారు పక్క సీట్లోంచి మస్తాన్ గారు.

మండపం దగ్గర ఆడపెళ్లివారు ఎదురొచ్చి దండలు అందుకున్నారు. ఆ నలుగురి మీదా పన్నీరు చల్లి, "దయచేయండి బావగారూ," అంటూ లోపలికి తీసుకెళ్లారు.

వెనకే నడుస్తున్న నన్ను ఒకాయన ఆపి, నా చొక్కా మీది గ్రీజు చూసి, ఎంతో మర్యాదగా చెప్పారు.

"డ్రైవర్ల భోజనాలు అటువైపండీ."