జీపు వెనక రింగు బొమ్మ

పోయిన వారం నర్సీపట్నం బస్టాండు దగ్గర కొత్త టిఫిన్ దుకాణం బోర్డు మీద, తోక చక్రంలా చుట్టుకున్న కుక్కబొమ్మనూ పక్కన ‘రింగు టిఫిన్స్’ అన్న పేరునూ చూసి ఆగిపోయాను. యజమాని నన్ను గుర్తుపట్టి, “రండి బాబాయ్, ఊళ్ళో జీపు మీద ఈ బొమ్మ మొదట ఏయించింది మీరేనట కదా, రిబ్బను మీరే కొయ్యాలి” అన్నాడు. నేను కాదనకుండా కత్తెర అందుకున్నాను.

మన వయసువాళ్ళకు రింగు గుర్తుండే ఉంటుంది. ఆదివారం పేపర్లో పిల్లల పేజీ అడుగున మూడు గళ్ళ బొమ్మల కథగా వచ్చేది. ఎముక కోసం వెళ్ళి ప్రతిసారీ ఎవరిదో చెప్పు నోట కరుచుకొచ్చే ఆ కుక్క కోసం పెద్దవాళ్ళు కూడా పేపరును చివరి పేజీ నుంచి చదివేవారు. మా ఊళ్ళో కుక్కపిల్లలకూ సైకిలు షాపుకూ జీడిపప్పు పొట్లాలకూ అదే పేరు పెట్టారు.

అప్పట్లో నేనూ మా బావా, అంటే మా అక్క భర్త, కొయ్యూరు రూటులో చెరో జీపు తోలేవాళ్ళం. కొండమీంచి సంతకు దిగే ముసలివాళ్ళలో చాలామందికి చదవడం రాదు కాబట్టి జీపు వెనక బొమ్మను గుర్తుపెట్టుకుని, తిరుగు ప్రయాణంలో ఆ బొమ్మ వచ్చేదాకా మూటల మీద కూర్చునేవారు. అందుకే ఒక బొమ్మ ఒక జీపుకే ఉండాలన్నది స్టాండులో కట్టుబాటు. నాది నెమలి. బావ జీపు మీద ఎనిమిదేళ్ళ మా మేనకోడలు పేపరు ముక్క చూసి తన చేత్తో రింగును వేసింది. ఒక చెవి పెద్దదైపోయింది. ఆ వారమంతా జనం బావ జీపు దగ్గరే మూగారు, నా నెమలి వైపు చూసినవాళ్ళు లేరు.

వారం తిరగ్గానే ఇంజను పాడై బావ జీపు షెడ్డుకెళ్ళి రెండు నెలలు అక్కడే ఉండిపోయింది. ఈలోగా నేను పెయింటరు చేత నెమలిని చెరిపించి రింగును వేయించుకున్నాను. బావ తిరిగొచ్చాక, అతని బొమ్మ తిరిగిన వారం ఊళ్ళో లేని స్టాండు పెద్దాయన ఇద్దరినీ నిలబెట్టి, “ఎవుడిది ముందురా?” అని అడిగాడు. నాదేనన్నాను. బావ నా మొహంలోకి ఒకసారి చూసి, “అయితే నువ్వే ఉంచుకోరా” అని, జీపు రంగే తెచ్చి తన బొమ్మ మీద పులిమేశాడు. వాళ్ళ నాన్నకు కేరేజీ తెచ్చిన మేనకోడలు అదంతా చూసి, నా జీపు వెనక్కి వచ్చి నిలబడింది.

“మావయ్యా, నీ రింగుకి రెండు సెవులూ ఒక్కలాగే ఉన్నాయేటి?” అంది.

ఆ తరువాత ఆ పిల్ల బొమ్మ వెయ్యగా నేను చూడలేదు. బావ పోయి నాలుగేళ్ళయింది. ఆయన ఉండగా నేనాడింది అబద్ధమని ఒప్పుకోలేకపోయాను.

ఇవాళ కొండమీంచి వచ్చేవాళ్ళు ఫోను చేసి బండిని పిలిపించుకుంటున్నారు, బొమ్మ చూసుకుని జీపెక్కే అవసరం ఎవరికీ లేదు. నిన్న యలమంచిలిలో ఉంటున్న మేనకోడలికి ఫోను చేసి, రిబ్బను కోసిన సంగతితో సహా అంతా ఒప్పుకున్నాను. తను బోర్డు మీది కుక్కకు చెవులెలా ఉన్నాయని అడిగింది. రెండూ ఒక్కలాగే ఉన్నాయని చెప్పాను.