టేపు యాంటెన్నాతో దొంగ వేట

ముందే చెప్పేస్తున్నాను. ఇది చదివాక నా మీద మీకున్న గౌరవం మిగలదు. అసలు గౌరవమే లేనివాళ్లకు ఆ నష్టం కూడా లేదు కాబట్టి వాళ్లు హాయిగా చదువుకోవచ్చు. ఒక వాన రోజు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం రేడియో మిత్రులంతా కలిసి ఒక దొంగ వల్ల నానా తిప్పలు పడ్డారు. ఆ దొంగను పట్టుకోవడానికి బయలుదేరిన వీరుణ్ణి నేను. నన్నెవరూ పొమ్మనలేదు, నేనే ఎగబడ్డాను.

నా పేరు నాగభూషణం. హిందూపురంలో మాకు పైపులు, మోటార్లు, వైర్లు అమ్మే అంగడి ఉంది. దానికి తోడు హ్యామ్ రేడియో పిచ్చి. పరీక్ష రాసి, సర్కారు దగ్గర లైసెన్సు తీసుకుని, సొంత సెట్టుతో గాల్లో మాట్లాడుకునే సరదా అది. మామూలు రోజుల్లో మీ ఊళ్లో ఎండ ఎట్లుందని అడిగి, మా ఊళ్లో ఎండ ఎట్లుందో చెప్పుకుంటాం. వరదొచ్చి సెల్ టవర్లు మూగబోయినప్పుడు మాత్రం మా సరదాకు పని దొరుకుతుంది. ఆస్పత్రికీ, శిబిరానికీ, ఆఫీసుకూ మధ్య కబుర్లు చేరవేస్తాం. జీతం లేదు. భోజనం ఒక్కోసారి ఉంటుంది.

అప్పటికి నాకు లైసెన్సు వచ్చి ఏడాది కూడా కాలేదు. నా వాలకం చూస్తే మాత్రం రేడియోను కనిపెట్టింది మా తాతేమో అనుకోవాలి. సెట్లో ఒక టైమరు ఉంటుంది. బటన్ నొక్కి పట్టుకుని మరీ ఎక్కువసేపు మాట్లాడితే అదే మన మాటను కోసేస్తుంది, పక్కవాళ్లకు అవకాశం రావాలని. నేను "ఇక ముగిస్తూ" అనే సరికి ప్రతిసారీ కోసేది. ఇంత మంచి ఉపన్యాసాలు సగంలో ఆగడం లోకానికే నష్టమని ఆ టైమరు తీసేశాను. అంతటితో ఊరుకోక, రోజంతా మాట్లాడినా అలిసిపోని పెద్ద బ్యాటరీ కూడా తగిలించాను.

ఆపైన కొత్త సెట్టు కొన్నాను. పాతదాన్ని వదల్లేదు. వాన రోజు పొద్దున బయలుదేరుతుంటే మా ఆవిడ సుజాత అడ్డం వచ్చింది.

"ఏమండీ, కొత్తది కొన్నాక పాతదెందుకు మోసుకుపోతాండారు?"

"అది స్పేరు."

"స్పేరైతే ఆఫ్ చేసి పెట్టుకోవచ్చు కదా."

"ఆపదొచ్చినప్పుడు ఆన్ చేస్తూ కూర్చుంటే అయ్యేదేనా? సౌండు తగ్గించి ఆన్‌లోనే పెట్టినా. నీకు ఇవన్నీ అర్థం కావులే."

ఆవిడ నా వైపు జాలిగా చూసి లోపలికి వెళ్లిపోయింది. ఆ చూపును అప్పుడే అర్థం చేసుకుని ఉంటే నాకు ఈ రాత తప్పేది.

వ్యాన్లో వేయించిన చెనిక్కాయల మూటలు వేసుకుని ధర్మవరం శిబిరానికి బయలుదేరాను. దారిలో పెనుకొండలో ఇంకొన్ని మూటలు ఎక్కించారు. పాత సెట్టు ఉన్న గుడ్డసంచి అటూ ఇటూ పడకుండా నేనే స్వయంగా రెండు మూటల మధ్య ఇరికించి, పైన ఇంకో మూట పెట్టి, భద్రంగా ఉందో లేదో తట్టి చూసుకున్నాను. చాలా భద్రంగా ఉంది.

పెనుకొండ దాటి కొత్తచెరువు దారి పట్టానో లేదో, పక్క సీట్లో ఉన్న కొత్త సెట్లో గరగరమని ఒకటే శబ్దం. ఎవరో రాళ్లు నములుతున్నట్టు. ఎవరి మాటా వినపడదు. రెండో చానెల్‌కు తిప్పితే వరలక్ష్మక్క గొంతు దొరికింది. అక్క పెనుకొండ హైస్కూల్లో లెక్కల టీచరు. ఆ రోజు కోట గుట్ట మీద టార్పాలిన్ కింద కూర్చుని, ఎవరు ఎప్పుడు మాట్లాడాలో చెప్తూ మా అందరినీ నడిపిస్తోంది. అక్క గొంతు వింటే నాలాంటి వాడికి కూడా ఎక్కాలు గుర్తొస్తాయి.

"భూషణా, యాడుండావు? ఓవర్."

"పెనుకొండ దాటినానక్కా. ఏందా శబ్దం? ఓవర్."

"ఎవడో మొదటి చానెల్ మీద కూర్చున్నాడు. బటన్ వదల్డంలేదు. అందర్నీ రెండుకు రమ్మన్యా. సైమన్ ఒక్కడే రాలేదు. ఓవర్."

సైమన్ ధర్మవరంలో పట్టుచీరలకు డిజైన్లు గీసే కుర్రవాడు, మా వాడే. బుక్కపట్నం అవతల ఒక వాగు దగ్గర నిలబడి ఉన్నాడు. వాగుకు అవతలి పల్లెలో ఒకామెకు నొప్పులు మొదలయ్యాయి. అంబులెన్సు కొత్తచెరువు ఆస్పత్రి దగ్గర సిద్ధంగా ఉంది. వంతెన మీద నీళ్లు పారుతున్నాయి. ఫోన్లు పనిచేయడంలేదు కాబట్టి, నీళ్లు తగ్గాయని సైమన్ సెట్లో చెప్తేనే బండి కదలాలి. మధ్యలో ఈ గరగర.

"అక్కా, సైమన్ రెండుకు రాలేడు. వాని సెట్టుకు లాక్ వేసినా. ఒక్క చానెలే పనిచేస్తాది. ఓవర్."

"ఎందుకప్పా?"

"కంగారులో బటన్లన్నీ తిప్పేస్తాడని."

 నా మాట అయిపోయింది, ఇక నువ్వు చెప్పు అని అర్థమిచ్చే ఓవర్ అనడం కూడా అక్క మర్చిపోయింది.

"సరే, నువ్వు ఆ దిక్కే పోతాండావు కదా. నేరుగా సైమన్ దగ్గరికి పో. నీళ్లెట్లుండాయో చూసి రెండో చానెల్లో చెప్పు. అంతే పని. ఓవర్."

చూశారా, ఎంత తేలికైన పని. చంటిపిల్లవాడికి చెప్పినా చేసేస్తాడు. అందుకే నాకు నచ్చలేదు.

"అది ఎవరైనా చేస్తారక్కా. ఆ చానెల్ దొంగను పట్టుకోవాలంటే నేనే కదా. ఓవర్."

ఇలా అనడానికి నాకొక హక్కు ఉందని అప్పట్లో నా నమ్మకం. మా వాళ్లు అప్పుడప్పుడు ఒక ఆట ఆడతారు. ఒకరు ఎక్కడో దాక్కుని సెట్టు మోగిస్తుంటారు, మిగతావాళ్లు యాంటెన్నాలు తిప్పుకుంటూ వెతికి పట్టుకోవాలి. ఆ ఆటలో ఒకసారి గెలిచి స్టీలు గ్లాసు తెచ్చుకున్నాను. దాక్కున్నవాడు తుమ్మడం వల్ల దొరికాడనే సంగతి నేనెవరికీ చెప్పలేదు. నా ఆయుధం కూడా నేను చేసుకున్నదే. మా అంగట్లోని పీవీసీ పైపు ముక్కకు, కొలతల టేపు కత్తిరించి అడ్డంగా బిగించిన యాంటెన్నా. దాన్ని సెట్టుకు తగిలించి ఎటు తిప్పితే సిగ్నల్ పెరుగుతుందో అటు దొంగ ఉన్నట్టు.

"దార్లో నిలబడొద్దు. నేరుగా పో," అంది అక్క.

"అట్లనేక్కా," అని చెప్పి వంపు తిరగ్గానే బండి ఆపాను.

దిగి, వ్యాను పక్కనే నిలబడి, తలమీద గోనెసంచి కప్పుకుని, సెట్టును మళ్లీ మొదటి చానెల్‌కు మార్చి, యాంటెన్నా తిప్పాను. తూర్పుకు తిప్పితే గట్టిగా ఉంది. పడమరకు తిప్పితే అంతే గట్టిగా ఉంది. ఉత్తరం, దక్షిణం, ఆఖరికి ఆకాశం వైపు ఎత్తినా సెట్లో సిగ్నల్ గీతలన్నీ నిండుగా వెలుగుతున్నాయి. మామూలు తెలివి ఉన్న హ్యామ్ ఎవరైనా, అన్ని దిక్కులా గట్టిగా ఉందంటే సెట్టు పక్కనే ఉందని అర్థం చేసుకుంటాడు. నాకు మామూలు తెలివి ఎక్కడిది. దొంగలు నలుగురున్నారని తేల్చుకున్నాను.

ఇంతలో గొర్రెలు తోలుకుపోతున్న ఒక పెద్దాయన ఆగాడు. చాలాసేపు నన్నూ నా పైపునూ చూసి, దగ్గరికొచ్చాడు.

"ఏమప్పా, బోరు పాయింట్ చూస్తాండావా?"

"కాదు పెద్దాయనా."

"ఇంత వానలో నీళ్లు యాడున్నాయని వెతకాల్నా? కిందకు చూస్తే కనపడవా?"

"నీళ్లు కాదు పెద్దాయనా, దొంగను వెతుకుతాండా."

ఆయన గొర్రెలను గబగబా రోడ్డుకు అవతలి వైపు తోలుకున్నాడు. పోతూ పోతూ మళ్లీ వెనక్కి తిరిగి, "పనయినాక మా చేన్లో కూడా ఒక పాయింట్ చూసిపో. దుడ్లిస్తాలే," అన్నాడు.

బండెక్కాను. కదలగానే గరగర మళ్లీ మొదలైంది. అప్పుడు గమనించాను, నేను బండి ఆపితే గరగర ఆగుతోంది, ఎవరో బటన్ నొక్కి ఉన్నారని చెప్పే సెట్టు మీది లైటు మాత్రం వెలుగుతూనే ఉంది. బండి కదిలితే గరగర. గుంతలో పడితే ఇంకా పెద్ద గరగర. ఈ గొప్ప విషయాన్ని వెంటనే రెండో చానెల్‌కు తిప్పి గుట్ట మీదికి చేరవేశాను.

"అక్కా, వాడు నన్ను కనిపెట్టినాడు. నేను నిలిస్తే నిలుస్తాండాడు, నేను కదిలితే కదుల్తాండాడు. చానా తెలివైనోడు. ఓవర్."

"నువ్వు నిలిస్తేనా?" అంది అక్క. "ఎందుకు నిలిచినావు? నేనేం చెప్పినా? ఓవర్."

"ఒక్క రెండు చోట్లే అక్కా."

నిజానికి కొత్తచెరువు వచ్చేలోపు ఎన్నిచోట్ల నిలిచానో నాకే తెలియదు. బుక్కపట్నం చెరువు కట్ట మీద కూడా ఆగి, చేపలు పట్టేవాళ్లను అనుమానంగా చూసి, వాళ్లు నన్ను అంతకంటే అనుమానంగా చూస్తే బయలుదేరాను.

వాగు దగ్గరికి చేరేసరికి సైమన్ తడిసి ముద్దయి, సెట్టు నోటి దగ్గర పెట్టుకుని అరుస్తున్నాడు. నన్ను చూసి పరుగెత్తుకొచ్చాడు.

"అన్నా, నీళ్లు..."

"ఉష్. మాట్లాడొద్దు. దొంగ ఈడనే యాడో ఉండాడు."

"అది కాదన్నా, నీళ్లు..."

"సైమన్, నువ్వు చిన్నోడివి. నీకు తెల్దు. ఈ చెట్ల వెనకనే ఉండాడు. సిగ్నల్ చూడు."

నేను యాంటెన్నా తిప్పుకుంటూ చెట్లలోకి నడిచాను. సైమన్ నాతో పడలేక, పొద్దుటి నుంచి ఏమీ తినలేదు పాపం, వ్యాను తలుపు తీసి పై మూటను పక్కకు లాగి చెనిక్కాయలు తీసుకున్నాడు. నా చేతిలో సెట్టు మీది లైటు ఆరిపోయింది.

"దొంగ వదిలేసినాడు," అని అరిచాను. "నన్ను చూసి భయపడినాడు."

సైమన్ మూటను మళ్లీ యథాస్థానంలో పెట్టాడు. లైటు వెలిగింది.

"మళ్లీ పట్టుకున్నాడు."

అతను ఇంకో పిడికెడు కోసం మూట ఎత్తాడు. ఆరిపోయింది. పెట్టాడు. వెలిగింది. మూడోసారికి సైమన్ చేతిలోని చెనిక్కాయలు చేతిలోనే ఉండిపోయాయి. అతను మూటల మధ్య చెయ్యి పెట్టి, గుడ్డసంచి తీసి, అందులోంచి నా పాత సెట్టు బయటికి లాగాడు. అప్పుడే దించిన పెనంలా కాలిపోతోంది. దాని పక్కన ఉండే బటన్ మీదే మూట బరువంతా పడింది.

"అన్నా," అన్నాడు సైమన్, "దొంగ దొరికినాడు."

వెంటనే ఆ సెట్టునే రెండో చానెల్‌కు తిప్పి గట్టిగా చెప్పాడు. "నీళ్లు తగ్గినాయక్కా, ఎప్పుడో తగ్గినాయి. వంతెన కనపడతాంది. బండిని పంపండి. ఓవర్."

"అందింది. పంపుతాండా," అంది అక్క.

ఎప్పుడో తగ్గాయన్న మాట అప్పటికి నా చెవికెక్కింది. ఆ తల్లి అవతల నొప్పులు పడుతుంటే నేను ఇవతల చేపలవాళ్లను విచారిస్తూ వచ్చాను. నిజంగా సిగ్గేసింది. కానీ నా సిగ్గు ఎక్కువసేపు నిలవదు, దాని వెనకే తెలివి తోసుకొస్తుంది. సైమన్ చేతిలోంచి సెట్టు లాక్కుని, గట్టిగా గుప్పిట్లో పట్టుకుని బతిమాలాను.

"సైమన్, ఈ సంగతి అక్కకు చెప్పొద్దు. దొంగ మోటర్‌సైకిల్ మీద పారిపోయినాడని చెప్దాం. నేను తరిమినా అని నువ్వు సాక్ష్యం చెప్పు."

"ఎట్లుంటాడన్నా దొంగ? అక్క అడుగుతాది."

"పొడుగ్గా, గడ్డంతో."

"నీకూ గడ్డం ఉండాది కదన్నా."

"అయితే గడ్డం వద్దు. ఏదో ఒకటి చెప్పు. అక్కకేం తెలుస్తాది? ఆమె ఎక్కాలు చెప్పుకునే మనిషి, ఇదంతా ఆమెకు అంతుపట్టదు."

సైమన్ నా ముఖం వైపు చూడ్డంలేదు. నా బొటనవేలు వైపు చూస్తున్నాడు. నేనూ చూసుకున్నాను. అది బటన్ మీద ఉంది. ఎప్పటినుంచో ఉంది. టైమరు ఉండుంటే "మోటర్‌సైకిల్" దగ్గరే నా మాటను కోసి నా పరువు కాపాడేది. వేలు మెల్లగా తీశాను. సెట్లోంచి వరలక్ష్మక్క గొంతు చాలా ప్రశాంతంగా వచ్చింది.

"భూషణా, గడ్డం ఉంచప్పా. లేకుంటే మేము గుర్తుపట్టలేము. ఓవర్."

కాసేపటికి అంబులెన్సు వచ్చింది. వంతెన దాటి వెళ్లి, ఆమెనూ వాళ్ల అవ్వనూ ఎక్కించుకుని తిరిగొచ్చింది. మా దగ్గర నెమ్మదించి డ్రైవరు తల బయట పెట్టాడు. ఆస్పత్రి దగ్గర మా వాళ్ల సెట్టు మోగుతుంటే అతనూ అంతా విన్నాడట.

"ఏమప్పా, దొంగ ఇట్లే పోయినాడా?" అని నా గడ్డం చూసి నవ్వుకుంటూ బండి పోనిచ్చాడు.

కొత్తచెరువు ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా బాగున్నారన్న కబురు గుట్ట మీది నుంచి అందరికీ వినిపించినప్పుడు నేను వ్యాన్లో తల వంచుకుని కూర్చుని ఏడ్చాను. సైమన్ అది చూసి, నా చేతిలో చెనిక్కాయలు పెట్టాడు.

ఇంటికి వచ్చేసరికి సంగతి నాకంటే ముందే హిందూపురం చేరింది. సుజాత పాత సెట్టు నా చేతిలోంచి తీసుకుని, మా అంగడి కుర్రవాడితో టైమరు మళ్లీ పెట్టించింది. ఆ ఆదివారం అక్క ఆజ్ఞ మీద మూడు ఊళ్ల వాళ్లూ వింటుండగా నేను ఆ పాత సెట్టులోనే గాల్లో ప్రమాణం చేయాల్సి వచ్చింది. గొంతు సవరించుకుని, గంభీరంగా మొదలుపెట్టాను.

"మిత్రులారా, పెద్దలారా, నాగభూషణమనే నేను, ఇకమీదట ఏ దొంగను వెతికేముందైనా మొదట నా సంచి వెతుక్కుంటానని, ఏ సెట్టునూ ఆన్ చేసి మూటల కింద పెట్టనని, అక్క నేరుగా పొమ్మంటే నేరుగానే పోతానని, చేపలు పట్టేవాళ్లను అనుమానించనని, అన్నిటికంటే ముఖ్యంగా, ఈ క్షణం నుంచి ఎన్నడూ, ఎట్టి పరిస్థితిలోనూ, అనవసరంగా ఎక్కువసేపు..."

టైమరు కోసేసింది.

"ఆ చివరిది మాత్రం ఇక మేము చూసుకుంటాం లేప్పా," అంది వరలక్ష్మక్క. "ఓవర్."