రేకు గొట్టాల పనికి పట్టే కాలం

జనవరిలో కెనడాలోని విన్నిపెగ్‌లో ఇంటి గాలి గొట్టాలు శుభ్రం చేయించుకునేవాళ్లు ఉండరు. ఆ గొట్టాల్లోకి వేడిగాలి పంపి ఇంటిని వెచ్చగా ఉంచే ఫర్నేస్ ఆపనిదే వాటి పని జరగదు. ఆ చలిలో ఫర్నేస్ ఆపడానికి ఎవరికీ చెయ్యి రాదు. అందుకే ఆ నెలలో ఒక్క ఇల్లు తగిలినా కంపెనీ వదలదు. ఆ శనివారం తగిలిన ఇల్లు హెల్గా టేవ్స్ అనే ముసలావిడది. కంపెనీ అక్కడికి పంపిన పనివాడు లైల్ బొడ్నార్.

లైల్ ఒకప్పుడు రైలు పెట్టెలు బాగుచేసే షెడ్డులో పనిచేసేవాడు. షెడ్డు మూసేశారు. అతను సీసా పట్టుకున్నాడు. సీసా అతని ఇంటిని, భార్య జనెల్‌ని, ఎనిమిదేళ్ల కూతురు టెస్సాని వరసగా అతని నుంచి లాక్కుపోయింది. తాగుడు మానేసి రెండేళ్లయింది గాని, పోయినవేవీ వాటంతటవి తిరిగి రాలేదు. కోర్టు అతనికి మిగిల్చింది వారానికి ఒక గంట. శనివారం నాలుగింటికి, ఇలాంటి తల్లిదండ్రులు పిల్లల్ని కలిసే కేంద్రంలో ఒక గదిలో, మూల కుర్చీలో ఒకావిడ కూర్చుని చూస్తుండగా కూతురితో గడపాలి. తండ్రి పావుగంట దాటి రాకపోతే పిల్లను ఇంటికి పంపేస్తారు. డిసెంబరులో మంచు తుపానప్పుడు ఒకసారి అలాగే జరిగింది. రెండోసారి జరిగితే జడ్జి మళ్లీ చెప్పేదాకా చూడటమే ఉండదు. ఆ వాయిదా ఎప్పుడు పడుతుందో జడ్జికే తెలియదు.

పొద్దున ఫోన్‌లో, కంపెనీలో ఎవరు ఏ ఇంటికెళ్లాలో చెప్పే మార్లీన్‌ని అడిగాడు.

"ఎంతసేపు పడుతుందని చెప్పావు ఆవిడకి?"

"గంటన్నర."

"గంటన్నరలో గొట్టాలు కాదుగదా, నా మొహం కూడా శుభ్రం కాదు మార్లీన్."

"నీ మొహం ఎవడు చూస్తాడులే. పన్నెండింటికి మొదలుపెట్టు, రెండు కాకుండానే బయటపడతావు."

నిజానికి ఓ మోస్తరు ఇంటికి ఇద్దరు మనుషులైతే రెండు మూడు గంటలు, ఒక్కడైతే మూడు నాలుగు గంటలు పడుతుంది. ఆ మాట ప్రకటనలో వేస్తే ఎవరూ ఫోన్ చేయరు. గంటన్నరలో ముగించేవాళ్లు గొట్టం నోటి మీది జాలీ ఎత్తి, చెయ్యి అందినంత మేర పీల్చి, మూసి, పెద్ద మిషను హోరుతో ఇంటివాళ్లను నమ్మించి వెళతారు. దుమ్ము అక్కడే ఉంటుంది, మనిషి మాత్రం వెళ్లిపోతాడు. లైల్ రెండు రకాల పనీ చేసినవాడే. ఆ రోజు రెండో రకం చేద్దామని ముందే నిర్ణయించుకుని వచ్చాడు.

"ఒక్కడివే వచ్చావేం నాయనా? ఇద్దరొస్తారన్నారే?" అంది హెల్గా తలుపు తీస్తూ.

"ఇంకొకడికి జ్వరం పెద్దమ్మా."

ఇంకొకణ్ణి క్రిస్మస్‌కు ముందే పనిలోంచి తీసేశారు.

బయటినుంచి చిన్నదిగా కనిపించిన ఇల్లు లోపలికి పోయేకొద్దీ పెరుగుతూనే ఉంది. పోయిన మొగుడు వెనకవైపు ఒక్కో గదీ తన చేత్తోనే కట్టుకుంటూ పోయాడట. ప్రతి గదికీ గొట్టం లాగాడు, ప్రతి గొట్టానికీ నేలలో జాలీ పెట్టాడు. కొన్ని మంచాల కింద ఉన్నాయి, ఒకటి బీరువా వెనక.

లైల్ నేలమాళిగలోకి దిగి ఫర్నేస్ ఆపాడు. పెద్ద గొట్టానికి కన్నం చేసి, ట్రక్కు ఇంజను బలంతో దుమ్ము పీల్చే తొడంత లావు పైపు బిగించాడు. జాలీలన్నీ మూసి, ఒక్కొక్కటే తెరుస్తూ దుమ్ము రాలగొట్టే గాలి కొరడా లోపలికి వదలడం మొదలుపెట్టాడు. హెల్గా మొగుడి కోటు తొడుక్కుని, ఉన్ని టోపీ చెవులదాకా లాక్కుని, అతని వెనకే గది గదికీ తిరిగింది.

"వంటింట్లో కూచోండి పెద్దమ్మా, చలి."

"చలి నాకు కొత్తా? పియానో కింద కూడా ఒకటుంది, చూశావా?"

చూశాడు. చూసే దాటిపోయాడు.

"దాన్లో ఏముంటుంది పెద్దమ్మా!"

"తెరవకుండా నీకెలా తెలుసయ్యా? వచ్చే వారం మా చెల్లెల్ని ఆస్పత్రినుంచి తెస్తున్నా. దానికి ఊపిరాడదు. ఈ గదే దానికిస్తున్నా."

లైల్ గడియారం చూసుకున్నాడు. పియానో చూశాడు. ఆవిడ మొహం చూడకుండా ఉంటే బాగుండేది. భుజం ఆనించి పియానో నెట్టాడు. అక్కణ్ణుంచి దాటేసిన జాలీలన్నిటికీ వెనక్కి వెళ్లాడు. ఒక గదిలో నిజాయితీ మొదలుపెట్టాక పక్క గదిలో దొంగపని చేయడం అతనికి చేతకాలేదు.

పియానో కింది గొట్టంలో నీలం గాజు గోళీ దొరికింది. ఇలాంటివి టెస్సాకు ప్రాణం. గదిలోకి వస్తూనే "ఈ వారం ఏం దొరికింది నాన్నా?" అంటుంది. బొమ్మ చెప్పు, హాకీ ఆటగాళ్ల కార్డులు తీసుకెళ్లాడు. ఒకసారి ఎవరిదో కట్టుడు పన్ను సంగతి చెబితే, మూల కుర్చీలో ఆవిడ కూడా నవ్వాపుకోలేకపోయింది.

"మా అమ్మాయికి ఇవ్వచ్చా ఇది?"

"ఇవ్వు నాయనా. మా పెద్దాడిది. వాడికిప్పుడు బట్టతల."

పని అయ్యేసరికి మూడున్నర. కేంద్రానికి ఇరవై నిమిషాల దారి. లైల్ కన్నానికి రేకు బిగించాడు, ఫర్నేస్ తలుపు మూశాడు, స్విచ్ వేశాడు.

చప్పుడు లేదు.

ఆపి మళ్లీ వేశాడు. మెట్లెక్కి గోడమీది, వేడి పెంచే మీట తిప్పాడు, దిగాడు. ఫ్యూజు చూశాడు. వైరు వైరూ తడిమాడు. నోట్లోంచి ఆవిరి వస్తోంది. రాత్రికల్లా ఈ ఇంట్లో నీళ్ల పైపులు గడ్డకట్టి పగులుతాయి. మార్లీన్‌కి ఫోన్ చేస్తే, "ఫర్నేస్ మెకానిక్ రేపటిగ్గాని దొరకడు. ఆవిణ్ణి దుప్పటి కప్పుకోమను," అంది. లైల్ మెట్లవైపు చూశాడు. నాలుగు అంగల్లో ట్రక్కులో ఉండొచ్చు. ఒక మెట్టు ఎక్కాడు కూడా. పైన ముసలావిడ దగ్గు వినిపించింది.

మళ్లీ దిగి కేంద్రానికి ఫోన్ చేశాడు. "చెబుతాం. కానీ నియమం మీకు తెలుసు," అన్నారు.

నాలుగు దాటాక కనిపించింది. ఫర్నేస్ కింది తలుపు గాడిలో కూర్చోలేదు, వేలంత ఎడం ఉంది. దాని వెనక చిన్న బొత్తాం ఉంటుంది. తలుపు దాన్ని నొక్కితేగాని ఫర్నేస్ రాజుకోదు. ఈ పనిలోకి వచ్చినవాడికి మొదటి రోజు నేర్పేది ఇదే. తలుపు మూసేటప్పుడు అతను గడియారం చూస్తున్నాడు. మోకాలితో ఒక్క పోటు పొడిచాడు. లోపల మంట భగ్గుమంది.

పైన హెల్గా కాఫీ పోసి, పుల్లటి రేవల్చిని కాడలు వేసిన కేకు కోసి పెట్టింది. "మా ఇంట్లో పనిచేసినవాడెవడూ ఇంతవరకు కాఫీ తాగకుండా పోలేదు."

"నన్నొదిలెయ్యండి పెద్దమ్మా. నాలుగింటికే మా పాపని చూడాల్సింది. ఆలస్యమైతే చూడనివ్వరు."

ఆవిడ కప్పు బల్లమీద పెట్టేసింది. "ముందే చెప్పొద్దటయ్యా! పియానో ఏమన్నా పారిపోతుందా? రేపొచ్చి చేసేవాడివి కదా!"

ముందే చెప్పాలని అతనికి తోచనే లేదు. ఎన్నో ఏళ్లుగా ఎవరినీ ఏమీ అడగడం అలవాటు లేదు.

కేంద్రం చేరేసరికి నాలుగు ఇరవై ఐదు, గడువు దాటి పది నిమిషాలు. వాకిట్లో జనెల్ కారు బానెట్ ఎత్తి ఉంది. చలికి బ్యాటరీ చచ్చిపోయింది. వెనక సీట్లో టెస్సా టోపీ కనిపించింది. కిటికీలోంచి ఆ మూల కుర్చీ ఆవిడ చూస్తోంది. బయట జనెల్‌తో మాట్లాడకూడదని కోర్టు కాగితం చెబుతోంది. కానీ చలికి ఆగిన బండిని చూసి దాటిపోయేవాడు ఆ ఊళ్లో ఉండడు. లైల్ ట్రక్కును ఎదురుగా ఆపి, దాని బ్యాటరీ నుంచి కారుకు కరెంటు అందించే కేబుళ్లు తీసి తగిలించాడు.

"దగ్గరికి రాకూడదు నువ్వు," అంది జనెల్.

"తెలుసు. లోపల కూచో."

"ఇంకోసారి ఇలా జరగదన్నావు."

"అన్నాను."

"పెళ్లికి కూడా ఆలస్యంగానే వచ్చావు. మా నాన్న అప్పుడే అన్నాడు వెళ్లిపోదాం పదమని."

"కీ తిప్పు జనెల్."

కారు దగ్గి, వణికి, అందుకుంది. మధ్యాహ్నమంతా ఆ ఇంటి దుమ్ము పీల్చిన ట్రక్కు ఇంజనే, ఇప్పుడు అతని కూతుర్ని అతని దగ్గర్నుంచి తీసుకుపోయే బండికి ప్రాణం పోసింది. టెస్సా లోపలినుంచి అద్దం మీది మంచును చేతి తొడుగుతో రుద్దింది. మాట వినపడలేదు. పెదాలు చూస్తే తెలిసింది, ఏం దొరికింది నాన్నా అని. లైల్ గోళీ పైకెత్తి చూపించాడు. అద్దం దించబోయింది, గడ్డకట్టి దిగలేదు. అతను గోళీని ముందు తలుపు సందులోంచి జనెల్ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని వెనక సీట్లోకి అందించింది. కారు మలుపు తిరిగేదాకా వెనక అద్దంలో నీలం చుక్క ఒకటి కనిపించింది.

కేబుళ్లు చుడుతుంటే ఫోన్ మోగింది.

"అయిందా ఆవిడ పని?" అంది మార్లీన్. "వచ్చే శనివారం పెద్ద ఇల్లొకటి ఉంది. మధ్యాహ్నంనుంచే. శనివారం నాలుగింటికి నీకు కుదరదుగా, ఇంకెవరికైనా ఇచ్చెయ్యనా?"

"నేనే వెళ్తా."

"ఎంతసేపు పడుతుందని చెప్పను వాళ్లకి?"

"ఎంతసేపైనా పడుతుందని చెప్పు," అన్నాడు లైల్.